మీ సందేహం – మా జవాబు: ఒకే క్వేజార్ రెండు చోట్ల ఎట్లా కనిపిస్తుంది?

పోయిన నెల ఈ పేజీలో క్వేజార్ల గురించి రాశాం. దూరపు గెలాక్సీ నడిమధ్య ఉన్న భారీ కృష్ణబిలంలోకి వాయువు సుడి తిరుగుతూ పడుతుంది. ఆ వాయువు కాగి వెలిగే వెలుగే క్వేజార్. ఆ జవాబు చివర ‘దారిలో అడ్డున్న గెలాక్సీ బరువుకు ఈ వెలుగు వంగి, ఒక్క క్వేజారే రెండుగా, నాలుగుగా కనిపిస్తుంది’ అని ఒక ముక్క వదిలాం. దాని మీదే ఈసారి ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి.

రెండు చుక్కలు పక్కపక్కన కనిపిస్తే అవి రెండు వేర్వేరు క్వేజార్లు ఎందుకు కాకూడదు? ఒకటే అని అంత గట్టిగా ఎట్లా చెప్తున్నారు?
– డిగ్రీ విద్యార్థిని, మిర్యాలగూడ

అసలు అడగాల్సిన ప్రశ్న ఇదే. నిజంగానే పక్కపక్కన ఉన్న జంట క్వేజార్లు ఆకాశంలో ఉన్నాయి. అందుకే ఒక్క ఆధారంతో ఎవరూ ఒప్పుకోరు.

మొదటి కేసు 1979లో దొరికింది. పేరు క్యూ 0957+561, సప్తర్షి మండలంలో ఉంది. డెన్నిస్ వాల్ష్, రాబర్ట్ కార్స్‌వెల్, రే వేమన్ అమెరికాలోని కిట్ పీక్ 2.1 మీటర్ల టెలిస్కోప్‌తో రెండు నీలి చుక్కల వర్ణపటాలు, అంటే వెలుగును రంగులుగా విడదీసిన పట్టీలు, తీశారు. వాటి మధ్య ఎడం 6 ఆర్క్ సెకండ్లు (ఒక డిగ్రీలో 3600వ వంతు ఒక ఆర్క్ సెకండ్). అంటే పది రూపాయల బిళ్లను దాదాపు 930 మీటర్ల దూరంలో పెడితే ఎంత కనిపిస్తుందో అంత. రెండు వర్ణపటాలూ ఒకే అచ్చులో పోసినట్టు వచ్చాయి. రెండింటి రెడ్‌షిఫ్ట్ 1.41, అంటే బయల్దేరిన తరంగం మన దగ్గరికి వచ్చేసరికి 2.41 రెట్లు సాగింది. 1549 ఆంగ్‌స్ట్రాముల (మీటరులో వెయ్యి కోట్లవ వంతు ఒక ఆంగ్‌స్ట్రామ్) దగ్గర ఉండాల్సిన కార్బన్ గీత రెండింట్లోనూ 3730 దగ్గరికి జరిగి ఉంది. గీతల వెడల్పులూ, వాటి బలాల నిష్పత్తులూ కలిశాయి. క్వేజార్‌కు వర్ణపటం వేలిముద్ర లాంటిది. రెడ్‌షిఫ్ట్ ఒక్కటే కలిస్తే పక్కింటివాళ్లు కావచ్చు, వేలిముద్ర కూడా కలిస్తే అనుమానించాల్సిందే.

రెండో ఆధారం, మధ్యలో బరువు కనిపించాలి. వెతికితే దక్షిణపు చుక్కకు దాదాపు ఒక ఆర్క్ సెకండ్ దూరంలోనే 0.36 రెడ్‌షిఫ్ట్ ఉన్న పెద్ద గెలాక్సీ బయటపడింది. అది ఒక గెలాక్సీ గుంపులో ఉంది. గుంపు బరువు కూడా తోడైనందుకే ఎడం 6 ఆర్క్ సెకండ్ల దాకా వచ్చింది. ఒంటరి గెలాక్సీ అయితే మామూలుగా ఒకటి రెండు ఆర్క్ సెకండ్లకు మించదు.

మూడోదానికి తిరుగులేదు. క్వేజార్ వెలుగు ఎప్పుడూ హెచ్చుతగ్గులవుతుంటుంది. రెండు దారుల పొడవు వేరు, గెలాక్సీకి దగ్గరగా వచ్చే దారిలో ఆలస్యమూ వేరు. కాబట్టి ఒక చుక్కలో వచ్చిన మార్పు, కొంత కాలానికి రెండోదాంట్లో అచ్చం అట్లాగే రావాలి. ఇది చెప్పినంత తేలిక కాలేదు. ఏడాదిలో కొన్ని నెలలు సూర్యుడు అటువైపే ఉంటాడు, కొలతల్లో ఖాళీలు పడతాయి. ఆ ఖాళీల వల్ల ఒకే రకమైన సమాచారం నుంచి కొందరికి 415 రోజులు, ఇంకొందరికి 536 రోజులు వచ్చాయి. ఏళ్ల తరబడి వాదన నడిచింది. 1994 డిసెంబరులో ఉత్తరపు చుక్క చటుక్కున మసకబారింది. 415 నిజమైతే 1996 ఫిబ్రవరిలో దక్షిణపుది మసకబారాలి. బారింది. ఇప్పుడు అందరూ వాడే లెక్క 417 రోజులు. వేర్వేరు క్వేజార్లయితే ఒకదాని మార్పును ఇంకొకటి పద్నాలుగు నెలల తర్వాత అచ్చు దించాల్సిన పనేముంది?

మండుటెండలో నకిరేకల్ హైవే మీద దూరంగా నీళ్లున్నట్టు కనిపిస్తది. ఇది కూడా అట్లాంటి ఎండమావేనా?
– లారీ డ్రైవర్, నకిరేకల్

పోలిక సగం దాకా సరైనదే. రెండింట్లోనూ వెలుగు తిన్నగా రాదు, మన కన్ను మాత్రం తిన్నగానే వచ్చిందనుకుంటుంది. తారు రోడ్డును ఆనుకున్న గాలి కాగి పలచబడుతుంది. పైనుంచి వచ్చే వెలుగు అక్కడ పైకి వంగి కంట్లో పడుతుంది. మీకు కనిపించే ‘నీళ్లు’ నిజానికి ఆకాశం ముక్క.

తేడా ఇక్కడ: ఎండమావిలో వెలుగును వంచేది గాలి అనే పదార్థం. పదార్థంలో ఒక్కో రంగు ఒక్కోలా వంగుతుంది. గాలిలో ఆ తేడా కంటికి ఆనదు గానీ గాజు పట్టకంలో ఏడు రంగులూ విడిపోవడం అందరికీ తెలిసిందే. గురుత్వం అట్లా కాదు. నీలం, ఎరుపు, రేడియో తరంగం, ఎక్స్‌రే అన్నిటినీ ఒకే కోణంలో వంచుతుంది. అందుకే మధ్యలో ఉన్నది గురుత్వ కటకం (బరువుతో వెలుగును వంచేది) అవునో కాదో తేల్చడానికి రెండు చుక్కల వెలుగు నిష్పత్తిని వేర్వేరు రంగుల్లో కొలుస్తారు. దారిలో ధూళి ఉన్నా, మధ్య గెలాక్సీలోని ఏదో ఒక నక్షత్రం అడ్డొచ్చి ఒక చుక్కనే ఇంకాస్త పెంచినా ఈ నిష్పత్తి చెడుతుంది. అందుకని ఈ పరీక్ష ఒక్కదాన్నే నమ్ముకోకూడదు.

పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో లింగం మీద రోజంతా కదలని నీడ పడుతుంది కదా. అక్కడ కూడా కాంతి వంగుతోందని ఒకరు చెప్పారు. నిజమేనా?
– గృహిణి, నల్లగొండ

కాదు. భూమి మొత్తం బరువు కలిపినా, భూమిని ఒరుసుకుంటూ పోయే వెలుగును అది వంచేది 0.0006 ఆర్క్ సెకండ్ల లోపే. రాతి స్తంభాల సంగతి ఇక చెప్పనక్కర్లేదు. అక్కడ గర్భగుడిలోకి వచ్చేది నేరుగా పడే ఎండ కాదు, బయట చుట్టూరా చెదిరి లోపలికి వచ్చే వెలుగు. సూర్యుడు ఎటు జరిగినా ఆ వెలుగు వచ్చే తోవలు మారవు, కాబట్టి స్తంభాలు ఆపే చోటూ మారదు. గొప్పతనం కట్టినవాళ్లది. దాన్ని గురుత్వం ఖాతాలో వెయ్యకండి.

కాంతికి ద్రవ్యరాశి లేదు. న్యూటన్ సూత్రంలో ద్రవ్యరాశి సున్నా పెడితే బలం సున్నా. మరి వంగడమెట్లా? నేను లెక్క వేస్తే సూర్యుడికి 0.87 ఆర్క్ సెకండ్లు వచ్చింది, పుస్తకంలో 1.75 ఉంది.
– ఇంటర్ ఎంపీసీ విద్యార్థి, దేవరకొండ

బలం సున్నా అయినా, త్వరణం కావాలంటే ఆ సున్నాను మళ్లీ సున్నా ద్రవ్యరాశితో భాగించాలి. న్యూటన్ సూత్రంలో కూడా పడే వస్తువు బరువెంత అన్నది త్వరణాన్ని మార్చదు. ఆ దారిలోనే జర్మనీకి చెందిన సోల్డ్‌నర్ 1801లోనే లెక్క కట్టి 0.84 అన్నాడు. 1911లో ఐన్‌స్టీన్‌కూ దాదాపు అంతే వచ్చింది. 1915లో సాధారణ సాపేక్షత పూర్తయ్యాక జవాబు రెట్టింపైంది. కాలం సాగడం వల్ల వచ్చే వంపు సగం, స్థలమే వంగినందుకు వచ్చేది మిగతా సగం. న్యూటన్‌కు ఆ రెండో సగం తెలియదు. మధ్యలో 1914లో క్రిమియా గ్రహణానికి ఐన్‌స్టీన్ పాత లెక్కను పరీక్షించడానికి జర్మన్లు వెళ్లారు గానీ యుద్ధం మొదలై పని ఆగింది. ఆ రోజు కొలిచి ఉంటే ఐన్‌స్టీన్ తప్పని తేలేది!

ఇప్పుడు మీ లెక్క. వంపు కోణం = 4 × జీ × ఎం ÷ (సీ² × ఆర్). జీ విలువ 6.67 × 10⁻¹¹, సూర్యుడి ద్రవ్యరాశి 1.99 × 10³⁰ కిలోలు, సీ² అంటే 9 × 10¹⁶, సూర్యుడి వ్యాసార్ధం 6.96 × 10⁸ మీటర్లు. పైన 5.31 × 10²⁰, కింద 6.26 × 10²⁵. భాగిస్తే 8.48 × 10⁻⁶ రేడియన్లు. 206265తో గుణిస్తే 1.75 ఆర్క్ సెకండ్లు.

మీ కాగితంలో ఒకటి సరిచూసుకోండి. 4 బదులు 2 వేస్తే 0.87 వస్తుంది, అది న్యూటన్ జవాబు. వ్యాసార్ధం బదులు వ్యాసం వేసినా సరిగ్గా 0.87 వస్తుంది, అది వట్టి పొరపాటు. రెండూ ఒకే అంకె కాబట్టి ‘నాకు న్యూటన్ విలువ వచ్చింది’ అని మోసపోయే ప్రమాదముంది. ఆర్ కిలోమీటర్లలో వేసినవాళ్లకు జవాబు వెయ్యి రెట్లు పెరుగుతుంది, అది ఇట్టే దొరికిపోతుంది.

గెలాక్సీకి ఈ సూత్రం నేరుగా పనికిరాదు. దాని బరువు ఒకచోట కాకుండా పరుచుకుని ఉంటుంది. దానికి లోపలి నక్షత్రాల వేగాల చెదురును (వేగాలు ఒకదానికొకటి ఎంత తేడాగా ఉన్నాయో చెప్పే అంకెను) వాడతారు: 4 × పై × (వేగం ÷ కాంతి వేగం)². సెకనుకు 250 కి.మీ. అనుకుంటే 1.8 ఆర్క్ సెకండ్లు. దాన్ని గెలాక్సీ నుంచి క్వేజార్‌కున్న దూరాన్ని మన నుంచి క్వేజార్‌కున్న దూరంతో భాగించిన నిష్పత్తితో గుణించాలి. నిష్పత్తి 0.6 అయితే 1.1 వస్తుంది. చుక్కల మధ్య ఎడం దానికి రెట్టింపు, 2.2 ఆర్క్ సెకండ్లు.

1980 ఫిబ్రవరి 16న మా దగ్గర పట్టపగలే చీకటి పడి పక్షులు గూళ్లకు మళ్లాయి. జపాల్-రంగాపూర్‌కు దేశదేశాల శాస్త్రవేత్తలు వచ్చారు. ఈ వంపును అప్పుడు కొలిచి ఉండొచ్చు కదా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, నల్లగొండ

ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి జపాల్-రంగాపూర్ వేధశాల ఆ గ్రహణపు బాటలోనే ఉంది. అక్కడికి వచ్చినవారి చూపు ముఖ్యంగా కరోనా మీద, అంటే సూర్యుడి చుట్టూ ఉండే తెల్లని వెలుగు వలయం మీద. వంపు కొలవడం వేరే రకం పని, దాని తిప్పలు వేరు.

గ్రహణం వేళ సూర్యుడి పక్కన ఉన్న నక్షత్రాల ఫొటో తీయాలి. సూర్యుడు ఆ దిక్కు నుంచి జరిగిపోయాక, నెలల తర్వాత, అదే టెలిస్కోప్‌తో అవే నక్షత్రాలను రాత్రిపూట మళ్లీ తీయాలి. రెండు ఫొటోలనూ పోల్చి జరుగుడు కొలవాలి. ఈలోగా ఫోకస్ వెంట్రుకవాసి మారినా ఫొటో కొలమానమే మారి, వంపు ఉన్నా లేనట్టో, లేకున్నా ఉన్నట్టో వస్తుంది. 1919 మే 29 గ్రహణంలో బ్రెజిల్‌లోని సోబ్రాల్‌లో ఇదే జరిగింది. వెలుగును టెలిస్కోప్‌లోకి మళ్లించే అద్దం ఎండకు వేడెక్కి పెద్ద టెలిస్కోప్ ఫోకస్ చెడింది, దాంట్లో 0.9 దగ్గర వచ్చింది. పక్కనే ఉన్న 4 అంగుళాల చిన్న కటకం శుభ్రమైన చుక్కలు ఇచ్చింది, దాంట్లో 1.98. ఆఫ్రికా పక్కనున్న ప్రిన్సిపె దీవిలో మబ్బుల సందున బ్రిటిష్ శాస్త్రవేత్త ఎడింగ్టన్‌కు 1.61 వచ్చింది. పెద్ద టెలిస్కోప్ కొలతను పక్కన పెట్టడం సబబేనా అని ఇప్పటికీ కొందరు అడుగుతారు. చుక్కలు సాగి ఉన్న ప్లేట్లకు తక్కువ విలువ ఇవ్వడం కొలతలు తెలిసిన ఎవరైనా చేసే పనే. 2017 గ్రహణంలో అమెరికాలో ఒక ఔత్సాహికుడు 4 అంగుళాల టెలిస్కోప్, డిజిటల్ కెమెరాతోనే నూటికి మూడు పాళ్ల ఖచ్చితత్వంతో 1.75 సాధించాడు.

ఇప్పుడు గ్రహణం కోసం ఎదురుచూడాల్సిన పని లేదు. కన్యారాశిలోని 3సి 279 అనే క్వేజార్ ముందు నుంచి సూర్యుడు ఏటా అక్టోబరు 8న పోతాడు. రేడియో తరంగాలకు పగలూ రాత్రీ తేడా లేదు. దాదాపు పది డిగ్రీల దూరంలో ఉన్న 3సి 273తో పోల్చి, అది ఎంత జరిగిందో 1969 నుంచి కొలుస్తున్నారు. కరోనాలోని ప్లాస్మా (విద్యుత్ కణాలుగా విడిపోయిన వేడి వాయువు) కూడా రేడియో తరంగాన్ని వంచుతుంది. కానీ ఆ వంపు పౌనఃపున్యాన్ని బట్టి మారుతుంది, గురుత్వపు వంపు మారదు. రెండు పౌనఃపున్యాల్లో కొలిచి ప్లాస్మా వాటా తీసేస్తారు. ఇట్లా రేడియోలో పదివేలలో ఒక పాలు దాకా ఐన్‌స్టీన్ లెక్క సరిపోయింది.

ఆ 417 రోజుల ఆలస్యంతో ఏమైనా పని జరుగుతుందా?
– పాఠకుడు, సూర్యాపేట

విశ్వం ఎంత వేగంగా వ్యాకోచిస్తోందో కొలుస్తారు. నార్వేకు చెందిన రెఫ్స్‌డాల్ 1964లోనే, ఇట్లాంటి కటకం ఒక్కటీ దొరకక ముందే ఈ దారి చెప్పాడు. కోణాలు ఫొటోలో దొరుకుతాయి, ఆలస్యం నుంచి అసలు దూరం వస్తుంది. ఆరు కటకాల నుంచి తీసిన విలువ మెగాపార్సెక్‌కు (దాదాపు 32.6 లక్షల కాంతి సంవత్సరాల దూరానికి) సెకనుకు 73.3 కి.మీ. ప్లాంక్ ఉపగ్రహం విశ్వం తొలినాటి వెలుగు నుంచి తీసినది 67.4. ఈ తేడా ఇంకా తెగలేదు. కటకం వైపు ఉన్న బలహీనత గెలాక్సీ లోపల బరువు ఎట్లా పరుచుకుందో ఊహించాల్సి రావడం. ఆ ఊహ మారితే చుక్కలు ఉన్నచోటనే ఉంటాయి, జవాబు మాత్రం జరుగుతుంది. ఆలస్యాలను ఏళ్ల తరబడి కొలిచిన టెలిస్కోపుల్లో లద్దాఖ్‌లోని హాన్లేలో ఉన్న మన 2 మీటర్ల హిమాలయన్ చంద్ర టెలిస్కోప్ కూడా ఒకటి.

తొమ్మిదో తరగతి పిల్లలకు చూపించడానికి ఏదైనా తేలిక ప్రయోగం ఉందా? భూతద్దంతో చేశాం, ఉంగరం రాలేదు.
– భౌతికశాస్త్రం టీచర్, కల్వకుర్తి

క్వేజార్, గెలాక్సీ, మనం ఒకే గీతలో ఉంటే వెలుగు చుట్టూరా వంగి ఉంగరంలా కనిపిస్తుంది. ఆ ఉంగరం భూతద్దంతో రాదు. భూతద్దం అంచు దగ్గర ఎక్కువ, నడుమ తక్కువ వంచుతుంది, అందుకే వెలుగంతా ఒకచోట చేరుతుంది. గురుత్వం దీనికి తలకిందులు: బరువుకు దగ్గరగా పోయే కిరణం ఎక్కువ వంగుతుంది, దూరంగా పోయేది తక్కువ. అందుకే గురుత్వ కటకానికి ఒక్క ఫోకస్ బిందువు ఉండదు.

కావాల్సింది కాడ ఉన్న గాజు గ్లాసు అడుగు. నడుమ మందంగా ఉండి అంచుకు పోయేకొద్దీ లోపలికి నొక్కినట్టు పలచబడుతుందే, ఆ చక్రం. కాడ విరిగి పారేసేది దొరికితే చాలు. కొత్తదైతే కాడను మొదటికంటా అద్దాల షాపులో కోయించండి. కోసిన చోటును తడిపిన సాండ్‌పేపర్‌తో నున్నగా రుద్దాలి, ఈ పని పిల్లలకు ఇవ్వొద్దు. నడుమ మిగిలే మసక మచ్చను అట్లాగే ఉంచండి, అది కటకపు గెలాక్సీ స్థానంలో ఉంటుంది.

గ్రాఫ్ కాగితం మీద స్కెచ్‌తో 3 మి.మీ. నల్లచుక్క పెట్టండి. గాజును కాగితానికి ఆనించకుండా పైకి లేపి, ఒక కన్ను మూసి నిట్టనిలువుగా పైనుంచి చూడాలి. ఉంగరం కనిపించేదాకా గాజు ఎత్తు మెల్లగా మార్చండి. చుక్క సరిగ్గా నడుమ ఉంటే ఉంగరం. కొంచెం పక్కకు జరిపితే ఉంగరం తెగి, ఎదురెదురుగా ఒక పెద్ద వంపు, ఒక చిన్న వంపు. ఇంకా జరిపితే చిన్నది మచ్చ దగ్గరికి ముడుచుకుని మాయమవుతుంది. ఉంగరం కోడిగుడ్డులా వస్తే గాజు వాలింది, లేదా కన్ను పక్కకు పోయింది. ఆ తప్పును కూడా పాఠంలో వాడుకోవచ్చు: కొంచెం వాల్చి మెల్లగా జరుపుతుంటే ఒకచోట చుక్క నాలుగవుతుంది. కోలగా ఉండే గెలాక్సీ నాలుగు బొమ్మలు ఇచ్చేది అందుకే. పెగాసస్ మండలంలో 1985లో బయటపడిన ‘ఐన్‌స్టీన్ శిలువ’ అట్లాంటిదే. దాని నాలుగు చుక్కలూ 2 ఆర్క్ సెకండ్ల లోపే ఇమిడి ఉంటాయి.

నా దగ్గర 8 అంగుళాల ఎఫ్/5 టెలిస్కోప్, తిరిగే మౌంట్, కెమెరా ఉన్నాయి. ఆ జంట చుక్కలను మన దగ్గరి నుంచి తీయగలమా?
– ఖగోళ ఔత్సాహికుడు, వనపర్తి

తీయగలం. కంటితో మాత్రం ఆశ పెట్టుకోవద్దు. ఒక్కోటి 17వ పరిమాణం (వెలుగును చెప్పే అంకె, అది పెరిగేకొద్దీ చుక్క మసక) దగ్గర ఉంటుంది, 8 అంగుళాల్లో కంటికి చీకటి ఆకాశం కింద 14 దాకా వస్తే ఎక్కువ. కంటితో క్వేజార్ చూడాలనుకుంటే కన్యారాశిలోని 3సి 273 వెతకండి. దాని పరిమాణం 12.9, అక్కడి నుంచి వెలుగు బయల్దేరి 200 కోట్ల ఏళ్లు దాటింది. కాకపోతే అది కటకం వెనుకది కాదు, ఒక్క చుక్కే.

క్యూ 0957+561 ఫిబ్రవరి మూడో వారంలో అర్ధరాత్రికి, ఏప్రిల్ మూడో వారంలో రాత్రి 8 గంటలకు నడినెత్తిన కాకుండా ఉత్తరాన దాదాపు 50 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. చోటు ముఖ్యం. అమ్రాబాద్ అడవిలోంచి పోయే శ్రీశైలం రోడ్డును రాత్రిపూట మూసేస్తారు కాబట్టి అడవి లోపలికి కాదు, అచ్చంపేట అవతల ఊళ్లకు దూరంగా ఉన్న చేన్లు చూసుకోండి. ధ్రువ నక్షత్రం మన దగ్గర 16 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. ఉత్తరాన గుట్టో, ఊరి దీపాలో ఉంటే మౌంట్‌ను ధ్రువానికి కుదర్చడమే కుదరదు.

ముందు ఎన్‌జీసీ 3079 అనే కోల గెలాక్సీని పట్టుకోండి. దానికి ఉత్తర వాయవ్యంగా 14 ఆర్క్ నిమిషాల దూరంలో మన జంట ఉంటుంది. ఫోకల్ దూరం 1000 మి.మీ., కెమెరా పిక్సెల్ 3.8 మైక్రాన్లయితే 206 × 3.8 ÷ 1000, అంటే పిక్సెల్‌కు 0.78 ఆర్క్ సెకండ్లు. 6 ఆర్క్ సెకండ్లు దాదాపు 8 పిక్సెళ్లు, విడదీయడానికి సరిపోతుంది. 30 సెకన్ల ఫొటోలు 100 దాకా తీసి కలపండి. డార్క్ (మూత పెట్టి తీసేవి), ఫ్లాట్ (అంతటా ఒకే తీరు వెలుగు మీద తీసేవి) ఫొటోలు మర్చిపోవద్దు.

జంట విడిపోకుండా ఒకే ముద్దగా వస్తే పక్కనున్న మామూలు నక్షత్రాల మందం కొలవండి. 4 ఆర్క్ సెకండ్లు దాటితే తప్పు ఫోకస్‌దో గాలిదో. నక్షత్రాలన్నీ ఒకే వైపు సాగి ఉంటే మౌంట్‌ది. జంట ఉత్తర దక్షిణాలుగా ఉంటుంది. నక్షత్రాలూ అదే దిక్కున సాగితే ఆ ఫొటోను నమ్మొద్దు. ధ్రువాన్ని మళ్లీ కుదర్చి, ఒక్కో ఫొటో 15 సెకన్లకు తగ్గించండి.

చుక్కలు విడిపోయాక, అదే ఫొటోలో ఉన్న నాలుగైదు నక్షత్రాలతో పోల్చి రెండింటి వెలుగూ రాసి పెట్టుకోండి. మార్పులు మామూలుగా పరిమాణంలో పదో వంతుకు అటూ ఇటూ ఉంటాయి కాబట్టి 8 అంగుళాలకు ఇది అంచు మీది పని. ఒక్క రాత్రి కొలతను లెక్కలోకి తీసుకోకండి, మూడు నాలుగు రాత్రుల సగటు కావాలి. ఫిబ్రవరి మధ్యలో ఉత్తరపు చుక్కలో మార్పు కనిపిస్తే తేదీ రాసుకోండి. అదే మార్పు దక్షిణపు చుక్కలో వచ్చే ఏడాది ఏప్రిల్ రెండో వారంలో కనిపించాలి. ఆ వేళకు అది మన ఆకాశంలో చీకటి పడగానే ఎత్తులోనే ఉంటుంది.